కచేరీ సంగీతానికి ఇంట్లో ఏ స్పీకర్లు? దక్షిణ ఒడిశా తెలుగు శ్రోతల కోసం ఒక పోలిక

లక్ష రూపాయలో అంతకు మించో పెట్టి ఇంటికి స్పీకర్ల జత కొనదలచినవారికి దుకాణాల్లోనూ వీడియోల్లోనూ వినవచ్చే సలహాలు చాలావరకు సినిమాలు చూసేవారినీ, పాశ్చాత్య వాద్యబృందాలు వినేవారినీ మనసులో పెట్టుకొని చెప్పినవి. బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో, జయపురంలోనో ఇంట్లో కూర్చుని గాత్రకచేరీలూ వీణా వయొలినూ వినే తెలుగు శ్రోతకు వాటిలో సగం అక్కరకు రావు. మన సంగీతం స్పీకరును అడిగేది ఏమిటో, మన గదులు దానికి ఏమి చేస్తాయో, సముద్రపు గాలి దాన్ని ఎన్నేళ్లు బతకనిస్తుందో కలిపి చూసినప్పుడు, ఈ ప్రాంతంలోని ఎక్కువ ఇళ్లకు నిలువెత్తు స్పీకర్లకంటే స్టాండు మీద నిలిపే చిన్న స్పీకర్లే తగినవని నా అభిప్రాయం. అందుకు కారణాలతో పాటు, ఆ మాట వర్తించని ఇళ్ల సంగతి కూడా చెబుతాను.

ముందుగా సంగీతం సంగతి. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జం సుమారు 131 హెర్ట్జ్ (సెకనుకు 131 కంపనాలు) దగ్గర ఉంటుంది; అయిదో శ్రుతిలో పాడే గాయని షడ్జం సుమారు 196 దగ్గర ఉంటుంది. మంద్ర పంచమం నుంచి తారస్థాయి పంచమం దాకా తిరిగినా గాయకుడి మూలస్వరాలు 98 నుంచి 392 హెర్ట్జ్ మధ్యనే, గాయనివి 147 నుంచి 587 మధ్యనే తిరుగుతాయి. అన్నిటికంటే కిందకు వెళ్లేవి తంబురా మంద్ర షడ్జమూ వీణ అనుమంద్ర పంచమమూ అనుకుంటే, అవి కూడా శ్రుతిని బట్టి 60, 65 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. పాశ్చాత్య వాద్యబృందంలోని డబుల్ బేస్ 41 హెర్ట్జ్ దాకా, పియానో 27.5 దాకా, పెద్ద చర్చి ఆర్గన్ 16 దాకా దిగుతాయి. స్పీకరు ధరలో పెద్ద భాగం ఆ అడుగు స్వరాలను పలికించే పెద్ద వూఫర్లకూ పెద్ద డబ్బాకూ పోతుంది కనుక, త్యాగరాజ కృతులు వినడానికి కొనేవారు ఆ డబ్బును మరోచోట ఖర్చు పెట్టడం మేలు.

ఆ మరోచోటు మధ్యశ్రేణి, అంటే గొంతు పలికే నడిమి స్వరాల భాగం. గాత్రపు మూలస్వరం కింద ఉన్నా గొంతుకు వ్యక్తిత్వాన్నిచ్చే పై స్వరాలు నాలుగైదు వేల హెర్ట్జ్ దాకా పాకుతాయి. గమకం ఊగుతున్నప్పుడు ఈ పై స్వరాల గుంపు మొత్తం ఒకే కట్టుగా కదలాలి. రెండు యూనిట్ల స్పీకర్లలో కింది స్వరాల వూఫరు పై స్వరాలు పలికించే చిన్న ట్వీటరుకు పని అప్పగించే క్రాసోవర్ సాధారణంగా రెండు మూడు వేల హెర్ట్జ్ మధ్య వస్తుంది; మన చెవి అత్యంత సూక్ష్మంగా వినే భాగం కూడా దానికి దగ్గరలోనే ఉంది. అక్కడ అతుకు కనిపిస్తే గాయని గొంతులో సగం ఛాతీ నుంచి, సగం వేరే ఎక్కడినుంచో వచ్చినట్టుంటుంది. ఎంత తీవ్రమైన బాస్ అయినా ఆ లోపాన్ని కప్పలేదు.

దీన్ని పరీక్షించడానికి తంబురాను మించిన సాధనం లేదు. సరిగా శ్రుతి చేసి, తీగ కింద దారం సర్దిన తంబురాలో మంద్ర షడ్జం మీటినప్పుడు ఎవరూ మీటని అంతర గాంధారం దానంతట అదే వినిపిస్తుంది; అది ఆ తీగ అయిదో హార్మోనిక్, అంటే మూలస్వరానికి అయిదు రెట్ల కంపనం; 65.4 హెర్ట్జ్ తీగకు 327 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మంచి స్పీకరులో ఆ గాంధారం గాయకుడి వెనక స్పష్టంగా వేలాడుతూ ఉంటుంది. మధ్యశ్రేణి మందంగా ఉన్న స్పీకరులో తంబురా ఒక చప్పటి హోరుగా మారి, కాసేపటికి దాని ఉనికే మరచిపోతాము. రెండో పరీక్ష మృదంగం. కుడివైపు చాపు పడినప్పుడు మెరుపులా వచ్చి ఆగాలి. రవ్వముద్ద అద్దిన తొప్పి వైపు గుమికి పలికినప్పుడు ఆ జారుడులో స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెవికి అందాలి. తొప్పి కేవలం "దుమ్ము" అని మోగితే ఆ స్పీకరో, ఆ గదో తప్పు చేస్తున్నట్టే.

ఎక్కువసార్లు తప్పు గదిదే. నాలుగు గోడల మధ్య ధ్వని ఒక నిర్ణీత స్వరం దగ్గర తనను తాను బలపరచుకుంటుంది. పది అడుగుల గదిలో అది సుమారు 57 హెర్ట్జ్ దగ్గర, పన్నెండు అడుగుల గదిలో సుమారు 47 దగ్గర వస్తుంది, వాటికి రెట్టింపు దగ్గర మళ్లీ వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది అడుగులే ఉన్న గదిలో మూడు గోడల జతలూ ఒకే స్వరాన్ని పట్టుకొని లాగుతాయి కనుక అంతకంటే చెడ్డ సంగీతపు గది ఉండదు. మన పట్టణాల్లోని కొత్త ఫ్లాట్లలో పడకగదులు తరచుగా ఈ కొలతలకే దగ్గరగా ఉంటాయి. నేలంతా టైల్స్, ఒక పక్క అద్దపు కిటికీ, గోడలు సిమెంటు. అలాంటి గదిలో 35 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద స్పీకరును పెడితే కొన్న బాస్ అంతా మృదంగాన్ని బురదలో ముంచుతుంది. 70, 75 హెర్ట్జ్ దగ్గర నెమ్మదిగా తగ్గిపోయే చిన్న స్పీకరు అదే గదిలో, గది ఇచ్చే ఊతంతో, తొప్పికి సరిపడా నిండుదనం తెచ్చుకుంటుంది.

గంజాం వైపు పాత వీధుల్లోని ఇళ్ల సంగతి కొంత నయం, కొంత కష్టం. గోడకు గోడ ఆనించి, వీధి నుంచి పెరటిదాకా ఇరుకుగా పొడవుగా కట్టిన ఆ ఇళ్లలో ముందుగది పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉండవు కాబట్టి స్వరాలు ఒకచోట పోగుపడవు; మధ్యలో తలుపులు తెరిచి ఉంచితే బాస్ పక్క గదుల్లోకి సర్దుకుంటుంది. కాని ఉమ్మడి గోడ గుండా కింది స్వరాలు పక్కింటికి పోతాయి. ఉదయం ఆరుగంటలకు భూపాలం వినాలనుకునేవారు ఈ ఒక్క కారణంగానైనా సబ్ వూఫరు ఆలోచన మానుకోవడం మంచిది.

గదిని బాగు చేయడానికి ఖరీదైన ఫోమ్ పలకలు కొననక్కరలేదు. స్పీకర్లకూ కూర్చునే చోటుకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా, పక్కగోడలకు పుస్తకాల బీరువాలు, కిటికీకి బరువైన పరదా ఉంటే పై స్వరాల గలగల చాలావరకు తగ్గుతుంది. పరదాలు బాస్‌ను పట్టలేవు. దానికి మందం కావాలి. వాడని పత్తి పరుపును చుట్టి, స్పీకర్ల వెనక మూలల్లో నిలువుగా పెట్టి వినండి. కొత్త తీగలకు పెట్టే పది వేలకంటే ఆ పరుపు ఎక్కువ మేలు చేస్తుందని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

ఇక రకాల పోలిక. మన సంగీతానికి నేను మొదటి స్థానం ఇచ్చేది బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ సంప్రదాయంలో పుట్టిన స్పీకర్లకు. రేడియో స్టూడియోలో మనిషి మాట సహజంగా ఉందో లేదో తేల్చుకోవడం ఆ ఇంజనీర్ల పని కనుక, వారు స్పీకరు ధ్వనిని ఎదురుగా మాట్లాడే మనిషి గొంతుతో పోల్చి సరిదిద్దేవారు. ప్రసార వ్యానుల ఇరుకు కోసం 1970ల్లో వారు రూపొందించిన ఎల్ఎస్3/5ఎ అనే స్పీకరు ఒక అడుగు ఎత్తు మాత్రమే ఉండే మూసిన డబ్బా. దాని నమూనాలు నేటికీ తయారవుతున్నాయి. బీబీసీ నుంచి వచ్చిన స్పెన్సర్ హ్యూస్ స్పెండర్ సంస్థను, డడ్లీ హార్వుడ్ 1977లో హార్బెత్ సంస్థను ప్రారంభించారు. హార్బెత్ వారి పి3ఇఎస్ఆర్ కూడా ఆ చిన్న మూసిన డబ్బా కుటుంబానిదే. గొంతును గొంతులాగా, వయొలిన్ కమానును తీగ మీద రాసుకుంటున్న వెంట్రుకలాగా వినిపించడంలో వీటిదే పైచేయి. మూసిన డబ్బా కాబట్టి బాస్ హఠాత్తుగా పడిపోక నెమ్మదిగా తగ్గుతుంది, గోడకు కొంత దగ్గరగా పెట్టినా ఓర్చుకుంటుంది. వీటి పరిమితులు రెండు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు స్పీకరు ఎంత బిగ్గరగా పలుకుతుందన్న కొలత, 83 డెసిబెల్స్ దగ్గరే ఉండటంవల్ల మంచి బలమైన యాంప్లిఫయరు అడుగుతాయి. ఇరవై అడుగుల హాలును నింపలేవు. తవిల్‌తో కూడిన నాదస్వర కచేరీని ఆలయ ప్రాంగణంలో వినిపించినంత బిగ్గరగా వినాలంటే వీటికి ఊపిరి చాలదు.

ఒకే కేంద్రం నుంచి పలికే స్పీకర్లు రెండో వర్గం. వూఫరు మధ్యలోనే ట్వీటరును అమర్చే ఈ పద్ధతిలో అతుకు సమస్య చాలావరకు తగ్గుతుంది. టనాయ్ సంస్థ దీన్ని 1947లోనే డ్యుయల్ కాన్సెంట్రిక్ పేరుతో తెచ్చింది. 1961లో ఏర్పడిన కెఫ్ సంస్థ 1988లో యూని-క్యూ పేరుతో దీన్ని కొత్త దారి పట్టించి, 2012లో ఎల్ఎస్50 అనే చిన్న స్పీకరును విడుదల చేసింది. ఒక్క మైకుతో పట్టిన పాత మోనో రికార్డింగులకు ఇవి ప్రత్యేకంగా నప్పుతాయి. గాయకుడు రెండు స్పీకర్ల నడుమ ఒక బిందువు దగ్గర స్థిరంగా కూర్చుంటాడు, వినేవారు కొంత పక్కకు జరిగినా అతడు జరగడు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి వినే అలవాటున్నవారు మొదటి వర్గాన్నీ దీన్నీ పక్కపక్కనే విని నిర్ణయించుకోవాలి. నా చెవికి బీబీసీ వర్గంలో గొంతు వెచ్చదనం కొంచెం ఎక్కువ, ఈ వర్గంలో వాద్యాల స్థానం కొంచెం స్పష్టం.

నిలువు స్పీకర్లను నేను కొట్టిపారేయడం లేదు. పదిహేను అడుగుల వెడల్పూ ఇరవై అడుగుల పొడవూ గల హాలు ఉండి, స్పీకరు వెనక రెండు మూడు అడుగుల ఖాళీ వదలగలిగితే, వీణ అనుమంద్రం వాటిలో పలికే తీరుకు చిన్న స్పీకరు సాటి రాదు. సింఫనీలు కూడా వినేవారికి ఇవే సరైనవి. అయితే ఒక విషయం దుకాణదారులు చెప్పరు. నిలువు స్పీకర్ల ట్వీటరు సాధారణంగా నేల నుంచి 90 సెంటీమీటర్లు, ఒక మీటరు ఎత్తులో, అంటే సోఫాలో కూర్చున్న మనిషి చెవి దగ్గర ఉంటుంది. జంపఖానా పరుచుకొని నేల మీద పద్మాసనం వేసుకొని వినేవారి చెవి దానికంటే ఒక జానెడు కిందికి వస్తుంది, పై స్వరాలు నెత్తి మీదుగా పోతాయి. చిన్న స్పీకర్లతో ఈ చిక్కు లేదు. నేల మీద కూర్చునేవారు 50, 55 సెంటీమీటర్ల స్టాండు, కుర్చీలో కూర్చునేవారు 70 సెంటీమీటర్ల స్టాండు చేయించుకుంటే చాలు. బరువైన ఇనుప స్టాండును మన ఊరి వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు, గొట్టాల్లో ఎండిన ఇసుక నింపించండి.

బూరలాంటి నోటి గుండా పలికే హారన్ స్పీకర్ల గుణం వేరు. 1946 నుంచి క్లిప్ష్ సంస్థ వీటికి పేరుపొందింది. ఆ సంస్థ హెరెసీ అనే స్పీకరు నాలుగో రూపానికి 99 డెసిబెల్స్ సెన్సిటివిటీ ప్రకటించింది. 83తో పోలిస్తే 16 డెసిబెల్స్ తేడా, అంటే అంతే బిగ్గరగా వినడానికి దాదాపు నలభయ్యో వంతు విద్యుత్తు చాలు. నాదస్వరం, డోలు, ఘటం, ఒడిస్సీ మర్దళ ఎదుట నిలబడి విన్నంత చురుకుగా ఇందులో వినిపిస్తాయి. కాని చిన్న గదిలో, ఏడెనిమిది అడుగుల దూరంలో, గాయని తారస్థాయి మరీ మీదికి వచ్చినట్టుంటుంది. పెద్ద హాలు, వాద్యాల మీద మక్కువ ఉంటే వీటిని వినండి. గాత్రమే ప్రాణమైతే వద్దు.

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల విషయంలో మనసు ఒకటి చెబుతుంది, ఊరు మరొకటి చెబుతుంది. క్వాడ్ సంస్థ 1957లో తెచ్చిన మొదటి నమూనా నుంచి నేటిదాకా మధ్యశ్రేణి స్వచ్ఛతలో వీటిని మించినవి అరుదు. కాని ఇవి వేల వోల్టుల విద్యుదావేశం ఉన్న పలుచని పొర మీద పనిచేస్తాయి. ఆ ఆవేశం దుమ్మును లాగుతుంది, తేమ గాలిలో కారిపోతుంది. గోపాలపురం, ఛత్రపురం, రంభ వంటి సముద్రతీర ప్రాంతాల్లో సంవత్సరమంతా గదికి ఏసీ గానీ తేమ తీసే యంత్రం గానీ నడపలేనివారు వీటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. కొరాపుట్ కొండ ప్రాంతాలవారు కూడా వానకాలాన్ని తలచుకొని నిర్ణయించుకోవాలి.

యాంప్లిఫయరు లోపలే ఉండే యాక్టివ్ స్పీకర్లు ఇంకో వర్గం. ఫిన్లాండులో 1978లో మొదలైన జెనెలెక్ వంటి సంస్థలు స్టూడియోల కోసం చేసే చిన్న మానిటర్ స్పీకర్లు ఆ ధరకు అసాధారణమైన ఖచ్చితత్వాన్ని ఇస్తాయి, విడిగా యాంప్లిఫయరు కొనే ఖర్చు తప్పిస్తాయి. చిన్న గదిలో ఒంటరిగా, దగ్గరగా కూర్చుని వినే విద్యార్థికి, సంగీత ఉపాధ్యాయుడికి నేను ముందుగా వీటినే సూచిస్తాను. రికార్డింగులోని లోపాన్ని కూడా ఇవి దాచవని గుర్తుంచుకోవాలి. పైగా లోపలి ఎలక్ట్రానిక్స్ చెడితే స్పీకరు మొత్తం నగరానికి పంపాలి.

పాత రికార్డింగుల మాట ఇక్కడ కొంత వివరంగా చెప్పక తప్పదు. 1936లో ఒడిశా వేరుపడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడి తెలుగు ఇళ్ల సంగీతాభిరుచి ఒకవైపు విజయనగరం వైపూ మరోవైపు పూరీ, కటకం వైపూ చూస్తూ పెరిగింది. 1919లో ఏర్పడిన విజయనగరం సంగీత కళాశాల, దానికి తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు, తరువాత ఆ పదవిలో కూర్చున్న ద్వారం వెంకటస్వామి నాయుడు ఇక్కడివారికి పరాయివారు కారు. ద్వారం వారి వయొలిన్‌ను ఎక్కువగా 78 వేగపు రికార్డుల నుంచి మార్చిన ప్రతుల్లో వింటున్నాము. ఆకాశవాణి టేపుల నుంచి దించిన కచేరీలు కూడా మన సేకరణల్లో పెద్ద భాగం. వీటన్నిటిలో పై స్వరాలు తక్కువ, గరగర ఎక్కువ. దుకాణంలో వినగానే మిలమిలమంటూ ఆకట్టుకునే స్పీకరు ట్వీటరును కొంచెం ఎత్తి చూపిస్తుంది. దానిలో కొత్త రికార్డింగు ఘనంగా ఉన్నా, ద్వారం వారి కమాను సున్నితత్వం సూది గీతల చప్పుడు కింద పడిపోతుంది. మీ సేకరణలో సగానికి పైగా ఇలాంటివే ఉంటే ఆ మెరుపు స్పీకరును ఎంత తగ్గింపుకిచ్చినా కొనవద్దు.

మన వాతావరణాన్ని తట్టుకునే విషయంలో కొన్ని వివరాలు దుకాణంలోనే అడిగి తెలుసుకోవాలి. వూఫరు అంచు ఫోమ్‌తో చేసినదైతే వేడికీ తేమకూ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఎంతో ఎక్కువ కాలం నిలుస్తుంది. చేతులు మారిన పాత స్పీకర్లు కొనేవారు ముందు వేలితో చూడవలసింది ఇదే. చెక్కపొడిని అదిమి చేసిన ఎండీఎఫ్ పలకల డబ్బా అడుగున నీరు తగిలితే ఉబ్బి మళ్లీ మామూలు కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన సంగతి, 2018లో తిత్లీ గజపతి జిల్లాను ముంచెత్తిన సంగతి గుర్తున్నవారికి నేల మీద నిలబడే డబ్బాకంటే స్టాండు మీది డబ్బా ఎందుకు మేలో వివరించనక్కరలేదు. ఉప్పుగాలికి రాగి తీగల కొనలు పచ్చబడతాయి. తీగ కొనలకు బనానా ప్లగ్గులు (స్పీకరు వెనక గుచ్చే లోహపు పిన్నులు) బిగించుకొని, ఏడాదికోసారి విప్పి తుడవండి.

యాంప్లిఫయరు గురించి రెండు మాటలు చాలు. పన్నెండు అడుగుల గదిలో 83 డెసిబెల్స్ స్పీకర్లకు యాభై వాట్ల నిజాయితీ గల యాంప్లిఫయరు కచేరీకి తగినంత శబ్దం ఇస్తుంది. దానికంటే ముఖ్యమైనవి సరైన ఎర్తింగు, స్టెబిలైజరు. కరెంటు పోయినప్పుడు కూడా వినాలంటే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు. చదరపు తరంగాల ఇన్వర్టరు మీద యాంప్లిఫయరు గుయ్యిమంటుంది, ఆ గుయ్యి శ్రుతికి అడ్డం వస్తుంది. వేసవి గాలివానలకు ఉరుము వినిపించగానే ప్లగ్గు పీకేయడం అలవాటు చేసుకోండి.

వినడానికి మాత్రం ప్రయాణం చేయాలి. బరంపురం నుంచి భువనేశ్వరం దగ్గర, విశాఖపట్నం నాలుగైదు గంటల రైలు ప్రయాణం. హైదరాబాదు, చెన్నై దుకాణాల్లో ఎంపిక మరింత విస్తృతం. దుకాణంవారు వేసే పాటలు వినవద్దు, మీ రికార్డింగులు మీరే తీసుకువెళ్లండి. ఒకటి విలంబ కాలపు ఆలాపన, తంబురా వినిపించేది, ఒకటి తని ఆవర్తనం, ఒకటి వీణ, ఒకటి మీకు కంఠతా వచ్చిన పాత మోనో కచేరీ. ఇంట్లో వినేంత శబ్దంలోనే వినండి, ఎందుకంటే శబ్దం కొంచెం పెంచితే చాలు ఏ స్పీకరైనా మెరుగ్గా అనిపిస్తుంది. రెండు జతలను పోల్చేటప్పుడు రెండూ ఒకే శబ్దస్థాయిలో మోగాలని పట్టుబట్టండి. అరగంటలో తీర్పు చెప్పకుండా ఒక్కో జతతో కనీసం ఒక రాగం పూర్తిగా వినండి. చెవికి అలసట తెస్తుందా అన్నది మొదటి పది నిమిషాల్లో తేలదు. ఆ తరువాత కూడా ఇంట్లో పెట్టి విన్నాకనే ఖాయం చేసుకునే వీలు అడగండి.

నాలుగు లక్షలు చేతిలో ఉండి పన్నెండు అడుగుల గది ఉన్నవారైతే స్పీకర్లకు రెండు, రెండున్నర లక్షలు మించనివ్వక, మిగిలింది యాంప్లిఫయరుకూ స్టాండ్లకూ గదికీ విద్యుత్తు రక్షణకూ కేటాయించాలి. ఆ ఇంట్లో గాత్రం, వయొలిన్ ముఖ్యమైతే బీబీసీ సంప్రదాయపు చిన్న జత, పాత మోనో కచేరీలు ఎక్కువై నలుగురు కలిసి వినేదైతే ఒకే కేంద్రపు జత. అదే డబ్బుకు పాత కాలపు పెద్ద హాలు, వీణ, సింఫనీ ఉంటే నిలువు స్పీకర్లు. లక్ష దగ్గరే ఆగిపోవలసి వస్తే చిన్న యాక్టివ్ జతను ఎంచుకోండి. ఆ ధరలో పెద్ద డబ్బా చూపించే ఏ నిలువు స్పీకరూ దానికి సాటి రాదు.

బిల్లు చేతికి వచ్చేముందు, పదేళ్ల తరువాత వూఫరు, ట్వీటరు విడిగా దొరుకుతాయా అని దిగుమతిదారుని రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబు ఇవ్వలేని సంస్థ స్పీకరు ఎంత బాగా పాడినా మన దూరాలకు తగదు. మరమ్మతుకు పంపవలసి వస్తే రాయగడ నుంచో జయపురం నుంచో ట్రాన్స్‌పోర్టు లారీలో ఘాట్ రోడ్లు దాటి పోవాలి కనుక, అట్టపెట్టెలనూ లోపలి థర్మోకోల్‌నూ పారవేయకుండా ప్లాస్టిక్ చుట్టి, చెమ్మ తగలని అటక మీద దాచి ఉంచండి.